చూరు కింద గూడు, తొట్టిలో దోమ

మారేడ్‌పల్లిలో పాత పెంకుటింటి చూరుకైనా, తిరుమలగిరిలో ఐదంతస్తుల భవనం సజ్జాకైనా కందిరీగలు గూడు కట్టాయంటే ఆ ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. కిరోసిన్ గుడ్డ చుట్టిన కర్ర తెమ్మనేవారు ఒకరు, మనం వాటి జోలికి పోకపోతే అవి మన జోలికి రావనేవారు ఇంకొకరు. దోమల దగ్గరికి వచ్చేసరికి ఇదే వాదన వేషం మార్చుకుంటుంది. పొగబండి రాలేదని ఒకరి ఫిర్యాదు, ఆ పొగకు దోమ చావదు, మనకే దగ్గు వస్తుందని మరొకరి జవాబు. బొద్దింకలు, నల్లులు, ట్యాంకు కింద వేలాడే తేనెపట్టు, అన్నిటి దగ్గరా మళ్లీ ఇదే. చంపాలా, తరమాలా, ఉండనివ్వాలా?

నూట పాతికేళ్లకు పైగా సాగుతున్న ఈ చర్చలో వైద్యులు, కీటక శాస్త్రవేత్తలు, మునిసిపల్ అధికారులు, మందుల కంపెనీలు, జీవకారుణ్యవాదులు తలా ఒక మాట చేర్చారు. అందరి మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒక పురుగు గురించి తేలిన నిజాన్ని ఇంకో పురుగుకు అంటగట్టడం దగ్గర. ఆ చిక్కు విప్పడానికి సికింద్రాబాద్ కంటే మంచి చోటు లేదు. ఏ పురుగు ఏదో విడదీసి చూడకపోతే ఏమవుతుందో, చూస్తే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసింది ఇక్కడే.

కుట్టిన దోమకు అణా

1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్ట కోసి చూశాడు. అప్పటికి రెండేళ్లుగా ఆయన దోమల్ని కోస్తూనే ఉన్నాడు, ఏమీ దొరకలేదు. లోపం ఓపికలో లేదు, దోమలో ఉంది. అంతవరకు ఆయన చేతికి చిక్కినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. ఇప్పటి పేర్లలో చెప్పాలంటే క్యూలెక్స్, ఈడిస్. మనిషి మలేరియా పరాన్నజీవి వాటి కడుపులో పెరగదు. ఆ ఆగస్టులో సహాయకులు తెచ్చిన లార్వాల నుంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు బయటికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చి, రక్తం తాగిన ఆ దోమల్ని రాస్ ఒక్కొక్కటిగా కోశాడు. పంకా ఊపితే దోమ ముక్కలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే కూర్చున్నాడు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. నాలుగు రోజుల కిందట రక్తం తాగిన దోమ కడుపు గోడలో నల్లటి రేణువులు నిండిన గుండ్రటి కణాలు కనిపించాయి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి అధికారికంగా ఉన్న పేరు ఆయనదే.

ఈ కథలో అంతగా ప్రచారంలో లేని ఘట్టం ఇంకొకటి ఉంది. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1883లో, రాస్ బెంగళూరులో ఉండేవాడు. బంగళా కిటికీ పక్కన నీళ్ల తొట్టిలో దోమ పిల్లలు కదలడం చూసి తొట్టి బోర్లించాడు. ఇంట్లో దోమలు తగ్గాయి. మెస్సు దగ్గర కూడా ఇలాగే చేద్దామని అధికారితో అంటే ఆయన ఒప్పుకోలేదు. దోమను దేవుడు ఏదో పనికే పుట్టించాడు, ప్రకృతి క్రమాన్ని చెదరగొట్టకూడదు, ఓర్చుకోవడమే మన విధి అన్నాడట. రాస్ ఆత్మకథలో రాసుకున్న సంగతి ఇది. నేటి అపార్ట్‌మెంట్ వాదనలన్నీ ఆ ఇద్దరి సంభాషణలోనే ఉన్నాయి.

మూడు దారులు

మొదటి దారి మూలాన్ని సవరించడం. నీరు నిలవకుండా చూడు, తొట్టి బోర్లించు, పగులు పూడ్చు, పురుగు దానంతట అదే తగ్గుతుంది. రాస్ దోమల దళాల ఆలోచన ఇదే. కానీ 1902 నుంచి లాహోర్ దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో చేసిన ప్రయత్నం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అంత విస్తీర్ణంలో దోమను అదుపు చేయడం కుదరదని, క్వినైన్ మీద ఆధారపడడమే మేలని అక్కడి పరిశీలకులు తేల్చారు. చేసిన పని చాలలేదని రాస్ వాదించాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే పనామా కాలువ దగ్గర అమెరికా సైనిక వైద్యుడు గోర్గస్ దళాలు ఇదే పద్ధతితో పచ్చజ్వరాన్ని తరిమేశాయి. ఒకే పద్ధతి ఒకచోట ఓడి ఇంకోచోట గెలిచింది. పనామాలో దండిగా డబ్బు, వేల మంది పనివాళ్లు, సైనిక క్రమశిక్షణ ఉన్నాయి.

రెండో దారి మందు. 1939లో పాల్ ముల్లర్ డీడీటీ కీటకనాశక గుణాన్ని కనిపెట్టాక ఈ పక్షానికి తిరుగులేని బలం వచ్చింది. స్వాతంత్ర్యం నాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, ఎనిమిది లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1965కల్లా కేసులు లక్షకు దిగాయి. మలేరియా పని అయిపోయిందనుకున్నారు. 1976లో మళ్లీ 64 లక్షల కేసులు. దోమ డీడీటీకి అలవాటుపడింది, నిఘా సడలింది, పట్టణాలు పెరిగాయి. పల్లె గోడలకు మందు కొట్టే పథకం పట్టణంలో బావులకు, మిద్దెల మీది ట్యాంకులకు పనికిరాలేదు. పట్టణాల కోసం వేరే మలేరియా పథకం 1971లో వచ్చింది. దాని లక్ష్యం గోడ కాదు, నీళ్లు. మొదటి దారికే తిరిగి వచ్చారన్నమాట.

మూడో దారి సహజీవనం, లేదంటే పురుగు మీదికి పురుగునో చేపనో వదలడం. 1962లో పురుగుమందుల ముప్పు గురించి రేచల్ కార్సన్ పుస్తకం వచ్చాక దీనికి గొంతు పెరిగింది. మన దగ్గర దీని చరిత్ర ఇంకా పాతది. గంబూసియా చేపను 1928లోనే ఇటలీ నుంచి తెచ్చారు. నేటికీ హైదరాబాద్ చెరువుల్లో, కుంటల్లో వదులుతున్నారు. ఈ పక్షంలో లోకజ్ఞానం చాలా ఉంది, భావుకత కూడా కొంత ఉంది. దేనిలో ఎంత అన్నది కందిరీగ దగ్గర బాగా తెలుస్తుంది.

భ్రమరమూ కీటకమూ

స్విచ్‌బోర్డు మూలలోనో, కర్టెన్ రాడ్డు చివరనో, వాడని తాళం రంధ్రంలోనో మట్టి ఉండ ఒకటి ప్రత్యక్షమవుతుంది. దగ్గరికెళ్లి చూస్తే అది ఉండ కాదు, మూతి తిప్పిన చిన్న కుండ. గోళీ కంటే కాస్త పెద్దది. సన్నని నడుమున్న కందిరీగ ఒకటి నోటితో తడిమట్టి తెచ్చి, ముందు కాళ్లతో వరుస వెంబడి వరుస అద్ది కట్టింది. తర్వాత లోపల గుడ్డు పెట్టి, పచ్చటి గొంగళిపురుగుల్ని తెచ్చి పేర్చింది. అవి చచ్చినవి కావు, కుట్టుకు చచ్చుబడినవి. చివరికి మూతి మూసేసింది. కొన్నాళ్లకు ఆ మట్టి తొలుచుకుని కొత్త కందిరీగ బయటికొస్తుంది.

మన పెద్దలు దీన్ని చూశారు, శ్రద్ధగా చూశారు. లోపలికి వెళ్లింది పురుగు, బయటికి వచ్చింది భ్రమరం. కాబట్టి భయంతో భ్రమరాన్నే ధ్యానిస్తూ కీటకం భ్రమరమైందన్నారు. భ్రమరకీటక న్యాయం అనే నానుడి అలా వచ్చింది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో ఈ కందిరీగకూ చోటుంది. వేదాంతానికి అది గొప్ప ఉపమానం, అలాగే ఉండాలి. జీవశాస్త్రంలో మాత్రం పురుగు భ్రమరం కాలేదు, భ్రమరం పిల్లకు ఆహారమైంది. కుట్టి చచ్చుబడేసి పిల్లకు దాచిపెట్టే ఈ వేటను 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో జీన్ హెన్రీ ఫాబర్ ఓపికగా గమనించి రాశాడు.

ఇంటివారికి కావలసిన సంగతి ఇంకొకటి ఉంది. మట్టిగూడు కట్టే కందిరీగ ఒంటరిది. గూటికి కాపలా కాయదు, గుంపుగా మీద పడదు. గొంగళిపురుగులు తెచ్చే జాతి ఒకటి, సాలీళ్లు తెచ్చే జాతి ఇంకొకటి. రెండింటికీ మనిషితో పనిలేదు. గూడు అడ్డమైతే గరిటతో గీకేయవచ్చు. దీనికి మందు కొట్టడం శుద్ధ దండగ.

చూరుకు సన్నని కాడతో వేలాడే బూడిదరంగు గూడు వేరు. కర్ర పీచు నమిలి లాలాజలంతో కలిపి చేసిన కాగితం అది. గదులు కిందికి తెరిచి ఉంటాయి. ఈ కాగితపు కందిరీగల్లో దక్షిణాదిన బాగా కనిపించే రొపాలిడియా మార్జినాటా మీద బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ బృందం దశాబ్దాలుగా పరిశోధన చేసింది. అక్కడ తేలిన ఒక విషయం మన ఇళ్లకు నేరుగా వర్తిస్తుంది. ఇంగ్లండ్, అమెరికా పుస్తకాల్లో చలికాలం దాకా ఆగండి, గూడు దానంతట అదే ఖాళీ అవుతుందని ఉంటుంది. ఇక్కడ ఆ చలి లేదు. ఈ జాతి గూళ్లు ఏడాది పొడవునా నడుస్తాయి, ఒక రాణి పోతే ఇంకొకటి వస్తుంది. అరువు సలహా నమ్మి ఆగితే గూడు పెరుగుతూనే ఉంటుంది.

అలాగని ప్రతి గూడూ పీకనక్కర్లేదు. ఇవి తమ పిల్లలకు పెట్టేది ఎక్కువగా గొంగళిపురుగులే. పెరట్లో నిమ్మ, కరివేపాకు ఉన్నవారికి ఇవి ఉచితంగా పనిచేసే కాపలాదారులు. మనుషులు నడవని ఎత్తులో, ఎవరి చేయీ తగలని మూలన ఉన్న గూటిని వదిలేయడమే సరైన పని. గుమ్మం మీద, పిల్లలు ఆడే మెట్ల దగ్గర, నీళ్ల ట్యాంకు నిచ్చెన పక్కన ఉంటే తీయించాలి. గూడు గోరంత ఉండి ఒక్క ఆడ ఈగే కడుతున్నప్పుడు పొడవాటి కర్రతో రాల్చేస్తే చాలు. పెద్దదైతే చీకటి పడ్డాక, ఈగలన్నీ గూటికి చేరాక, ఒళ్లంతా కప్పే దుస్తులున్న పనివాడే చేయాలి. కిరోసిన్ మంట ఏ రకంగానూ పనికిరాదు. సజ్జాల కింద కరెంటు తీగలు, ఏసీ పైపులు ఉన్న ఈ రోజుల్లో గూటికంటే ముందు ఇల్లే అంటుకుంటుంది.

పట్టు పట్టిన గోడ

తేనెపట్టు విషయంలో పొరపాటు పడితే నష్టం ఎక్కువ. పుట్టలో, గోడ తొర్రలో పట్టేది పుట్ట తేనెటీగ. కొమ్మకు అరచేయంత పట్టు పెట్టేది చిన్న జాతి, దానికి కోపం తక్కువ. ట్యాంకుల కింద, ఎత్తైన భవనాల బాల్కనీలకు మూరల కొద్దీ వేలాడేది కొండ తేనెటీగ. ఒక్క పట్టులో పదివేల లెక్కన ఈగలుంటాయి. గద్ద తన్నినా, గాలిపటం దారం తగిలినా, ఎవరైనా రాయి విసిరినా వందలు ఒక్కసారిగా లేస్తాయి. కుట్టిన తేనెటీగ ముల్లు ఒంట్లో దిగబడి, అక్కడి నుంచి వచ్చే వాసన మిగతా వాటిని అదే చోటికి పిలుస్తుంది. కందిరీగకు ఆ గాలపు ముల్లు లేదు, ఒకటే పదిసార్లు కుట్టగలదు.

కుట్టినచోట సున్నం రాయడం మన ఇళ్లలో పాత అలవాటు. విషం చర్మం లోపలికి దిగాక పైన రాసిన సున్నం దాన్ని చేరదు. తేనెటీగ ముల్లును వెంటనే తీసేయడమే ముఖ్యం. గీకి తీశారా, గిల్లి తీశారా అన్నది లెక్కలోకి రాదని 1996లో లాన్సెట్‌లో వచ్చిన ప్రయోగం చూపింది. సబ్బు నీళ్లు, ఐసు ముక్క చాలామందికి సరిపోతాయి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు ఉబ్బడం, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే అది ఎలర్జీ. తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణం నిలుపుతుంది, దద్దుర్ల బిళ్ల దానికి బదులు కాదు. వందలాది కుట్లు పడినవారికి ఎలర్జీ లేకపోయినా ప్రమాదమే. కండరాలు, ఎర్రకణాలు చితికి కిడ్నీలు దెబ్బతింటాయి. అలాంటివారిని ఆసుపత్రిలో ఉంచి గమనించాలి.

కొండ తేనెటీగను పెట్టెలో పెట్టి పెంచలేరు. అందుకే పట్టును క్షేమంగా తరలిస్తామనే మాట ఈ జాతి విషయంలో చాలావరకు తరిమేయడమే. అవి కాలాన్ని బట్టి వలస పోయేవి. కొన్ని నెలలకు వాటంతట అవే వెళ్లిపోతాయి, మరుసటి ఏడు అదే గోడకు రావచ్చు కూడా. జనం తిరగని వైపు ఉంటే ఆగడం, బడి కిటికీ పక్కన ఉంటే రాత్రిపూట తెలిసినవాళ్లతో తీయించడం, ఖాళీ అయిన చోట మైనపు మరకలు గీకి శుభ్రం చేయించడం, ఇంతకు మించి చేయగలిగింది లేదు. మందు కొట్టి లక్ష ఈగల్ని రాల్చే పద్ధతిని సమర్థించడానికి నాకు ఒక్క కారణమూ కనిపించలేదు. విషం కలిసిన ఆ తేనెపట్టు చివరికి ఏ సంచిలో ఎవరి ఇంటికి పోతుందో చూసేవారుండరు.

వంటగదిలో, పడకగదిలో

బొద్దింకకు, నల్లికి సహజీవనవాదులు ఎవరూ లేరు. ఇక్కడి తగవు మందుకీ మందుకీ మధ్య. ఒకప్పుడు ఇళ్లలో విచ్చలవిడిగా కొట్టిన డైక్లోర్‌వాస్ 2020 డిసెంబర్ 31తో దేశంలో నిషేధమైంది. వంటగదిలో చిన్న బొద్దింకకు ఇప్పుడు చుక్కలుగా పెట్టే జెల్ స్ప్రే కంటే మేలు, మనం పీల్చేది తక్కువ. అదీ శాశ్వతం కాదు. ఎరలోని గ్లూకోజు తీపే చేదుగా తోచే బొద్దింకలు పుట్టుకొచ్చాయని 2013లో అమెరికా శాస్త్రవేత్తలు చూపారు. డ్రైనేజీ నుంచి వచ్చే పెద్ద బొద్దింకకు సహజ శత్రువులున్నాయి. గోడ మీద చిన్న జెండాలా పొట్ట ఊపుతూ నడిచే నల్లటి కీటకం దాని గుడ్ల సంచిలోనే తన గుడ్డు పెడుతుంది. ఈగ అనుకుని చాలామంది దాన్నే కొడతారు.

నల్లి రోగాలు మోసుకొస్తుందన్న రుజువు లేదు, కానీ నిద్ర చెడగొడుతుంది. డీడీటీని తట్టుకునే నల్లులు 1940లలోనే కనిపించాయి. మన పాత ఇళ్లలో నులక మంచాన్ని మే నెల ఎండలో వేసి కోళ్ల మీద సలసల కాగే నీళ్లు పోసేవారు. ఆ పద్ధతిలోని శాస్త్రం గట్టిది. 48 డిగ్రీల వేడి గంటన్నర తగిలితే నల్లి గుడ్లతో సహా చస్తుంది.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. గోదాముల్లో ధాన్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల్ని ఇళ్లలో పెట్టకూడదు. తేమ తగిలితే వెలువడే ఫాస్ఫీన్ వాయువు గోడ సందుల్లోంచి పక్క ఫ్లాటుకు పోయి పడుకున్నవాళ్లను చంపుతుంది. వాటిని బయట దుకాణంలో ఎవరికి పడితే వారికి అమ్మడం చట్టవిరుద్ధం.

పక్కపక్కన పెట్టి చూస్తే

మూలం సవరించడం దోమ, బొద్దింకల దగ్గర అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. కందిరీగ, తేనెటీగల దగ్గర ఆ మాటకు అర్థమే లేదు, వాటికి చూరు ఉంటే చాలు. మందు నల్లి, బొద్దింకలకు కొన్నాళ్లు పనిచేసి తర్వాత వెనకబడుతుంది. దోమకు అంటువ్యాధి ముదిరిన వారాల్లో తప్ప చివరి ఆయుధమే. తేనెటీగకు అసలు వాడకూడనిది. సహజీవనం మట్టిగూటికి పూర్తిగా సరైనది, కాగితపు గూటికి చోటును బట్టి సరైనది. ఈడిస్ దోమకు సహజీవనం అంటే పక్కింటి పిల్లకు డెంగీ.

దోమల్లో కూడా ఒక్కో జాతికి ఒక్కో లెక్క. క్యూలెక్స్ మురుగునీటిది, రాత్రి కుడుతుంది. దానికి నాలాలు బాగుచేయాలి, అది పట్టణ పాలన పని. ఈడిస్ మంచినీటిది, పగలు కుడుతుంది, కూలర్‌లో, పూలకుండీ పళ్లెంలో, పాత టైరులో పెరుగుతుంది. దాని గుడ్లు నీళ్లెండినా నెలల తరబడి తొట్టి గోడకు అంటుకుని బతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, గోడ రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. తెలంగాణలో శుక్రవారం డ్రై డే, 2020 మేలో మొదలైన ఆదివారం పది గంటలకు పది నిమిషాల కార్యక్రమం రెండూ ఈ లెక్క మీద పుట్టినవే. లెక్క సరైనదే. వానాకాలం రెండు వారాలు చేసి మానేస్తే ఫలితం ఉండదు.

ఇంకా తేలనివి

పొగబండి విషయం మొదటిది. ఆ పొగ తగిలిన క్షణంలో ఎగురుతున్న దోమ చస్తుంది. మంచం కింద, బీరువా వెనక దాగిన ఈడిస్‌కు వీధిలో పోయే పొగ చేరదు, లార్వాకు అసలే చేరదు. దీనివల్ల డెంగీ తగ్గిందని నిలకడగా చూపిన సాక్ష్యం బలహీనంగానే ఉంది. అయినా జనం అడుగుతారు, ఎందుకంటే అది కళ్లకు కనిపించే పని. ట్యాంకు మూతలు తనిఖీ చేసే ఉద్యోగి ఎవరికీ కనిపించడు. ఇళ్లలోని కాయిల్ సంగతీ ఇంతే. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003 నాటి అధ్యయనం లెక్కగట్టింది. తలుపులు మూసి కాయిల్ వెలిగించేవారికి దోమతెర ఎందుకు చేదైందో అర్థం కాదు.

గంబూసియా రెండోది. అది లార్వాతో పాటు కప్ప పిల్లల్నీ, స్థానిక చేప పిల్లల్నీ తింటుంది. ఆస్ట్రేలియా దాన్ని చీడగానే చూస్తోంది. పూడిన బావిలో, ఫౌంటెన్‌లో వదలడం వేరు, చెరువులో వదలడం వేరు. ఈ తేడా పాటించాలన్న పక్షం ఇంకా గెలవలేదు.

మూడోది వోల్బాకియా. ఈ బాక్టీరియా ఎక్కించిన ఈడిస్ దోమల్ని ఇండోనేషియాలోని యోగ్యకర్తలో వదిలితే డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి. మన దేశంలో పుదుచ్చేరి పరిశోధన కేంద్రం ఇలాంటి దోమల్ని తయారుచేసింది. వదలడానికి మాత్రం జనం నమ్మకం కావాలి. 1970లలో ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధన అనుమానాల మధ్య 1975లో మూతపడింది. ఆ జ్ఞాపకం ఇంకా పోలేదు.

నాలుగోది మిద్దె మీదిది. మూతలేని ట్యాంకులో, బావిలో పెరిగే ఎనాఫిలిస్ స్టెఫెన్సీ మన పట్టణాల మలేరియా దోమ. మలేరియా పల్లె రోగమని నమ్మిన ఆఫ్రికాలో ఇది 2012లో జిబూటీలో, 2016లో ఇథియోపియాలో కనిపించింది. 2022లో ఇథియోపియాలోని డిరె దావా పట్టణంలో మలేరియా విజృంభణకు కారణమైంది. అక్కడి ఆరోగ్య కార్యకర్తలు ఇప్పుడు ఇంటింటికీ తిరిగి నీళ్ల డ్రమ్ముల మూతలు చూస్తున్నారు.